వాదం – వాదులాట

శ్రీనాథ మహాకవి పేరు తలచగానే తెలుగువారికి కంచు ఢక్క గుర్తుకు వస్తుంది. ప్రౌఢదేవరాయల ఆస్థానంలో గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, ఆయన కంచు ఢక్కను శ్రీనాథుడు పగులగొట్టించినాడని ప్రతీతి. శ్రీనాథునిదిగా చెప్పుకొనే చాటుపద్యమొకటి ఆ ఘనకార్యాన్ని సగర్వంగా పేర్కొంటుంది. దాదాపు ఆరు వందల ఏండ్లు గడచినా ఆ ఢక్క పగిలిన చప్పుడు మన చెవులలో ఇంకా మ్రోగుతూనే ఉన్నది. ఐతే, ఆ వాదం దేనిని గురించి జరిగింది? డిండిమభట్టు నిలిపిన పక్షమేమి? శ్రీనాథుడు దానిని ఏ హేతువుతో ఖండించినాడు? ఆ పద్యం చెప్పదు. తరతరాలుగా దానిని చదివి ఆనందించినవారిలో ఈ సంగతి అడిగినవారు కూడా అరుదే. గెలుపు మిగిలింది, హేతువు మరుగున పడిపోయింది.

ఇది ఒక్క శ్రీనాథుని విషయంలోనే జరిగినది కాదు. లోకం వాదాలను గుర్తుంచుకొనే తీరే అటువంటిది. ఎవరు ఎవరిని ఓడించినారో చెప్పుకొంటారు గాని, ఏ మాట మీద ఓడించినారో చెప్పుకోరు. అందుచేత ఎదుటివానిని గట్టిగా కాదనడమే వాదమనే భ్రమ వ్యాపించింది. కాదనడం వేరు, వాదించడం వేరు. ఈ రెంటికీ నడుమనున్న సరిహద్దును గుర్తించడం తీరిక గల పండితుల వినోదం మాత్రమే కాదు. అది చెరిగిపోతే జాతికి కలిగే నష్టమేమిటో మన భాషా చరిత్రలోనే ఒక ఉదంతం చెబుతుంది. దానిని పరిశీలించే ముందు మాటలను సరిచూసుకోవలసి ఉన్నది.

తెలుగు వాడుకలో 'వాదం' అన్నప్పుడు కొంత గౌరవం ధ్వనిస్తుంది. 'వాదు' అనగానే ఆ గౌరవం సన్నగిలుతుంది. 'వాదులాట' దగ్గరకు వచ్చేసరికి జగడం మొదలైనట్టే. శాస్త్ర పరిభాషలోని 'వితండ' రచ్చబండ దాకా వచ్చి నిందగా స్థిరపడింది. అన్నిటికంటె చిత్రం 'రాద్ధాంతం' గతి. సంస్కృతంలో దానికి సిద్ధాంతమనే అర్థం. అనగా విచారణ ముగిసి నిలిచిన నిర్ణయం. తెలుగులో అది అనవసరపు రగడకు పేరైంది. నిర్ణయాన్ని తెలిపే మాట రగడకు పేరుగా మారడానికి ముందు, ఎన్ని సభలు నిర్ణయం లేకుండా రగడతో ముగిసి ఉంటవో ఊహించవచ్చును.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాడు మన సామెతలలో మొండితనానికి ప్రతీక. అతనిని చూచి అందరూ నవ్వుతారు. కాని ఎదుటివాడు 'కాదు, నాలుగు' అని అంతటితో ఊరకుంటే, అతడు మాత్రం చేసినది వాదమా? అతని మాట నిజమే. ఐనా నిజమైన మాట అంతా వాదం కాదు. ఒకడు 'మూడు' అన్నాడు, రెండవవాడు 'నాలుగు' అన్నాడు. తెల్లవారేదాకా ఇద్దరూ అరచుకొన్నా అక్కడ రెండు మాటలే ఉన్నవి. 'కుందేటిని ఇక్కడ దించు, ఇద్దరమూ లెక్కపెడదాము' అన్న క్షణాన వాదం ఆరంభమౌతుంది. ఎందుచేతనంటే ఆ మాటలో ఒక ఒడంబడిక దాగి ఉన్నది. లెక్కలో మూడే తేలితే నా మాట నేను విడిచిపెడతానన్నదే ఆ ఒడంబడిక. తన మాట ఓడిపోగల చోటు చూపినవాడు వాది. ఓడే దారి లేకుండా కట్టుదిట్టం చేసుకొన్నవాడు ఎంత పెద్ద గొంతుతో మాట్లాడినా చేసేది కాదనడమే.

ఈ సూక్ష్మాన్ని మన ప్రాచీనులు శాస్త్రంగానే తీర్చినారు. గౌతముని న్యాయసూత్రాల మొదటి సూత్రంలో పేర్కొన్న పదహారు పదార్థాలలో సగానికి పైగా వాద ప్రక్రియకు సంబంధించినవే. అక్కడ అనుమాన వాక్యానికి ఐదు అవయవాలు చెప్పినారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణం, ఉపనయం, నిగమనం. 'కొండ మీద నిప్పున్నది' అన్నది ప్రతిజ్ఞ. 'పొగ ఉన్నది గనుక' అన్నది హేతువు. 'పొగ ఉన్నచోటనెల్ల నిప్పుంటుంది, వంటింటిలో వలె' అన్నది ఉదాహరణం. 'ఈ కొండ మీద ఉన్నదీ అటువంటి పొగయే' అన్నది ఉపనయం. 'కాబట్టి కొండ మీద నిప్పున్నది' అన్నది నిగమనం. మొదటి వాక్యమూ చివరి వాక్యమూ చూపునకు ఒక్కటే. ఐతే మొదటిది ఒకరు చెప్పిన మాట. చివరిది ఇద్దరూ నడిచి చేరిన చోటు.

ఇందులో వంటిల్లు ఎందుకు వచ్చిందన్నదే ముఖ్యమైన ప్రశ్న. సామాన్యులకూ పరీక్షకులకూ బుద్ధి ఒకే విధంగా ప్రవర్తించే విషయం దృష్టాంతమని గౌతముని నిర్వచనం. కొండ మీద నిప్పున్నదా లేదా అన్నచోట ఇద్దరికీ వైమత్యం. వంటింటిలో పొగతో పాటు నిప్పు ఉంటుందన్నచోట వైమత్యం లేదు. వాదమన్నది భేదం దగ్గర పుట్టినా, నడవడం మాత్రం ఇద్దరూ ఒప్పుకొన్న చోటునుండి నడుస్తుంది. ఇటువంటి చోటు ఒక్కటైనా లేనప్పుడు వాదానికి అవకాశమే లేదు.

ఇప్పుడు ప్రతివాది వైపు చూడవలె. 'కొండ మీద నిప్పు లేదు, లేదు గాక లేదు' అంటే అది కాదనడం. 'నీవు చూచినది పొగ కాదు, వేకువ మంచు' అంటే అది వాదం. ఈ రెండవ మాటతో హేతువే లేకుండా పోయింది. అంతేకాదు, ఆ మాట అన్నవాడు తానూ ఒక పూచీ పైన వేసుకొన్నాడు. ఎండ ఎక్కేదాకా ఆగి చూచినప్పుడు అది కరగకపోతే తన మాట ఓడినట్టే.

గౌతముడు చర్చలను మూడు తెగలుగా విభజించినాడు. తత్త్వం తెలుసుకొనే కోరికతో, ప్రమాణ తర్కాలతో, ఇరుపక్షాలవారూ పక్ష ప్రతిపక్షాలను నిలిపి చేసేది వాదం. గురుశిష్యులూ సహాధ్యాయులూ అసూయ లేకుండా చేసుకోదగినది ఇదే. గెలుపు కోసం ఛలాన్నీ, జాతినీ, నిగ్రహస్థానాలనూ ఆయుధాలుగా ప్రయోగించేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలపక, ఎదుటి పక్షాన్ని కూల్చడమే పనిగా పెట్టుకొన్నది వితండ. ఛలం ఎట్టిదో తెలుపడానికి వ్యాఖ్యాతలు చెప్పిన ఉదాహరణ తెలుగువారికీ సుబోధమే. ఒకరు ఒక బాలుని చూపి 'వీడు నవకంబళుడు' అన్నారు. కొత్త కంబళి గలవాడని ఆయన భావం. 'వీనికి ఉన్నది ఒక్క కంబళే కదా, తొమ్మిది ఎక్కడివి?' అని రెండవవారు ఆక్షేపించినారు. 'నవ' శబ్దానికి తొమ్మిది అన్న అర్థం ఉన్న మాట నిజమే. కాని ఆక్షేపించినవారు ఖండించినది ఎదుటివారి అభిప్రాయాన్ని కాదు, తాము కల్పించుకొన్నదానిని.

వైద్యశాస్త్రం కూడా ఈ భేదాన్ని పాటించింది. చరకసంహితలో వైద్యుల చర్చలు రెండు విధాలు: స్నేహభావంతో చేసేది సంధాయ సంభాష, కలహభావంతో చేసేది విగృహ్య సంభాష. ఇద్దరు వైద్యుల నడుమ చర్చ ఎట్లా ముగిసినా మంచం మీద రోగి ఉన్నాడు. చర్చ మంచి చెడ్డలు చివరకు అతని నాడి మీదనే తేలుతవి.

వితండను గురించి ఒక్క మాట. లోకం దానిని నిందావాచకంగా వాడుతున్నా, హేతువు చెప్పి కూల్చడం కూడా వట్టి కాదనడం కంటె ఎంతో మేలు. శ్రీనాథుడు తెనిగించిన నైషధానికి మూలకర్త ఐన శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యమనే గ్రంథాన్ని కూడా రచించినాడు. నైయాయికుల నిర్వచనాలను ఒక్కొక్కటే తీసుకొని, అవి నిలువవని చూపడం అందులో ఆయన చేసిన పని. నిలువవని ఊరక అనలేదు. ఎందుచేత నిలువవో ప్రతిచోటా చెప్పినాడు. గౌతముడు సైతం జల్ప వితండలను పూర్తిగా త్రోసివేయలేదు. మొలకను కాపాడడానికి చుట్టూ ముళ్లకంప వేసినట్లు, తత్త్వ నిశ్చయాన్ని కాపాడడానికి అవి పనికివస్తవన్నాడు. ఐతే కంచె వేసినవాడు లోపల విత్తనం కూడా నాటవలె. విత్తనం లేని కంచె చేనికి కాపు కాదు. దారిన పోయేవారి కాళ్లకు ముల్లు మాత్రమే.

ఇక మన ఉదంతం. ఇరవయ్యవ శతాబ్ది తొలి పాదంలో తెలుగునాట చెలరేగిన గ్రాంథిక వ్యావహారిక వివాదం కంటె ఈ విషయానికి తగిన గీటురాయి దొరకదు. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికనూ, 1858లో బాలవ్యాకరణాన్నీ వెలువరించినాడు. బడులలో వచన రచనకు ఆ భాషయే ఒరవడి ఐంది. 'వస్తున్నాడు' అనే పిల్లవాడు కాగితం మీద 'వచ్చుచున్నాడు' అని వ్రాయవలసి వచ్చింది. అతడు మాట్లాడేది తెలుగే. వ్రాసినప్పుడు మాత్రం అది తప్పుగా పరిగణన పొందేది. ఈ స్థితి మారవలెనని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారూ, విజయనగరంలో గురజాడ అప్పారావుగారూ పూనుకొన్నారు. గ్రాంథిక పక్షానికి జయంతి రామయ్య పంతులుగారు పెద్దదిక్కు. 1911లో మద్రాసులో స్థాపితమైన ఆంధ్రసాహిత్య పరిషత్తు ఆ పక్షానికి కోట ఐంది. నిజానికి నలుగుతూ ఉన్నది పరీక్షకు కూర్చున్న పిల్లవాడు.

ఆ వివాదంలో కాదనడం ఎంత, వాదం ఎంత? వ్యావహారికాన్ని నిరసించడానికి తరచుగా వినవచ్చిన మాట 'గ్రామ్యం' అన్నది. అది హేతువులా కనిపించే పేరు. వ్యావహారికం గ్రంథ రచనకు తగదన్నది ప్రతిజ్ఞ. ఎందుచేత తగదంటే గ్రామ్యం గనుక అన్నారు. గ్రామ్యమనగా ఏమిటంటే గ్రంథ రచనకు తగనిదన్నారు. సాధించవలసినదానినే సాధనంగా చూపే ఇటువంటి దానిని న్యాయశాస్త్రం సాధ్యసమమనే హేత్వాభాసంగా లెక్కించింది. అట్లే గ్రాంథికాన్ని చచ్చిన భాష అని తీసిపారవేయడం కూడా వాదం కాదు. పేరు పెట్టినంత మాత్రాన ఏ పక్షమూ నిలువదు.

రామమూర్తి పంతులుగారి పద్ధతి వేరు. సవర భాషను నేర్చి, ఆ భాషకు సేవ చేసిన ఆయన ఆ అడవులలో జ్వరపడి, మందుల మూలంగా వినికిడి శక్తిని చాలావరకు పోగొట్టుకొన్నారు. సభలలో ఎదుటివారి కేకలు ఆయనకు ఎంతమాత్రం వినబడినవో గాని, ఎదుటివారి పుస్తకాలను మాత్రం అక్షరమక్షరమూ చదివినారు. గ్రాంథికమే వ్రాయవలెనని శాసించే పండితుల రచనలనే తీసుకొని, వారు ప్రమాణంగా ఒప్పుకొన్న వ్యాకరణంతోనే కొలిచి, ఎక్కడెక్కడ తప్పినారో ఎత్తి చూపినారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' ఇటువంటి దోషాల పట్టిక.

ఇది వితండ కాదా? ఎదుటివారి తప్పులెన్నడం తప్ప ఇందులో ఏమున్నదని అడగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. 'మీరూ తప్పులు వ్రాసినారు' అన్నంత మాత్రాన 'నా భాష ఒప్పు' అన్నది సిద్ధించదు. ఐతే పంతులుగారి ప్రతిజ్ఞ పండితులకు వ్యాకరణం రాదన్నది కాదు. నేటి శిష్టులు మాట్లాడే భాషలో వచనం వ్రాసే స్వేచ్ఛ ఉండవలెనన్నది. జీవితమంతా వ్యాకరణంతో గడిపినవారికే సాధ్యం కానిదాన్ని బడిపిల్లలనుండి కోరడం తగదన్నది హేతువు. పండితుల గ్రంథాలు ఉదాహరణం. ఆ ఉదాహరణం ఎదుటివారి ఇంటిలోనిదే గనుక వంటింటి పొగ వలె వారు కాదనలేనిది. దీనికి తోడు, పూర్వుల వచన రచనలలో, వ్యాఖ్యానాలలో వాడుక రూపాలు కనిపిస్తున్నవని గద్యచింతామణిలో ప్రయోగాలు చూపినారు. భేషజమన్న పేరులోని ముల్లు కంచెకు సంబంధించినది, లోపల విత్తనమున్నది. పైగా ఆయన ఓడే చోటు కూడా స్పష్టంగానే కనిపిస్తుంది. దోషం లేని గ్రాంథికం సామాన్యంగా వ్రాయగలవారిని చూపితే ఆ హేతువు కూలిపోయేది.

న్యాయం చేయవలెనంటే రెండవ పక్షపు బలమైన హేతువును కూడా చెప్పవలె. వాడుక భాష అంటున్నారు, ఎవరి వాడుక? శ్రీకాకుళపు పలుకు నెల్లూరి పలుకు కాదు. కడప పలుకు వరంగల్లు పలుకు కాదు. గ్రాంథికం ఏ జిల్లావారి నోటి భాషా కాదు గనుకనే అందరికీ సమంగా దూరం, సమంగా సొంతం. దానిని విడిచిపెడితే ఒక ప్రాంతం వారి వాడుక తక్కినవారి నెత్తిన కూర్చుంటుంది. ఇది 'గ్రామ్యం' వంటి పేరు కాదు, తూచవలసిన హేతువు. శిష్టుల భాషలో ప్రాంత భేదం స్వల్పమని సమాధానం చెప్పవచ్చును. ఆ సమాధానం ఎంతవరకు చాలునన్నది కాలమే తేల్చవలసి వచ్చింది.

మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు రచనా ఉపసంఘంలో అధిక సంఖ్యాకులు గ్రాంథికం వైపు మొగ్గినప్పుడు, అప్పారావుగారు 1914లో తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించినారు. చేయెత్తి కాదంటే సరిపోయే చోట ఆయన ఒక గ్రంథమంత వ్రాసినారు. తెలుగు వచన చరిత్రను తవ్వి, తాము ఎందుకు సమ్మతించలేదో నిరూపించబూనినారు. ఓట్ల లెక్కలో దాని విలువ ఒక్కటి మాత్రమే. మరుసటి ఏడు ఆయన కన్నుమూసినారు. ఆనాటి నిర్ణయం చరిత్ర పుస్తకాలలో ఒక పంక్తిగా మిగిలింది. ఆ పత్రాన్ని భాషా విద్యార్థులు నేటికీ తెరచి చదువుతున్నారు. సంఖ్య వివాదాన్ని ముగించగలదు గాని హేతువుకు జవాబు చెప్పలేదు.

హేతువు మనిషిని కదిలించగలదనడానికి కందుకూరి వీరేశలింగం పంతులుగారు సాక్షి. నీతిచంద్రికలో చిన్నయసూరి విడిచిన విగ్రహ సంధులను పూరించిన రచయిత ఆయన. గ్రాంథిక వచనానికి ఆయన పేరే ఒక అండ. అటువంటివారు 1919లో, డెబ్బైయవ పడిలో, వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులైనారు. ఆ సంవత్సరమే మే నెలలో పరమపదించినారు. ఆయనది ఓటమి అని ఎవరూ అనలేదు. వాదులాటలో మాట మార్చుకోవడం పరాభవం. వాదంలో అది ఫలం.

ఐతే కథ అంతటితో ముగియలేదు. క్రమంగా పత్రికలూ కథలూ పాఠ్యగ్రంథాలూ వాడుక భాషను స్వీకరించినవి. గిడుగువారు పుట్టిన ఆగస్టు 29వ తేదీ తెలుగు భాషా దినోత్సవమైంది. కాని అచ్చులో స్థిరపడిన వాడుక ఎక్కువగా కోస్తా జిల్లాల విద్యావంతులదే. తమ పలుకు పుస్తకాలలో కనబడలేదనీ, కనబడినా హాస్యపాత్రల నోటనే వినబడిందనీ తెలంగాణమువారు బాధపడినారు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత, కాళోజీ నారాయణరావుగారి జన్మదినమైన సెప్టెంబరు 9వ తేదీని ఆ రాష్ట్రం తన భాషా దినోత్సవంగా నిర్ణయించింది. రెండు పండుగలకూ నడుమ పదకొండు రోజులే ఎడం. ఆ ఎడంలో 'ఎవరి వాడుక?' అన్న పాత ప్రశ్న నిలిచి ఉన్నది. దానిని అడిగిన పక్షం ఓడిపోయింది. ప్రశ్న మాత్రం ఓడిపోలేదు. గెలిచినవారు ఆనాడే దానిని తూచి, తగిన స్థానమిచ్చి ఉంటే, బడిలో 'వచ్చుచున్నాడు' అని వ్రాయలేక నలిగిన పిల్లవాని స్థానంలో మరొక పల్లె పిల్లవాడు తన ఇంటి మాటకు సిగ్గుపడవలసిన అవసరం ఉండేది కాదేమో! ఎదుటివారిని ఓడించడంతో వాదం ముగిసిందనుకోవడంలో ఉన్న నష్టం ఇదే. వారితో పాటు వారి హేతువును కూడా బయటకు పంపివేస్తాము.

నేడు కళాశాలల చర్చాపోటీలలో అనుకూల ప్రతికూల పక్షాలను చీటీలు వేసి పంచుతారు. వాక్చాతుర్యానికి అది మంచి సాధనే. దానితో పాటు మరొక పరీక్ష కూడా పెట్టవచ్చును: ప్రతి విద్యార్థీ ఎదుటివాని హేతువును, ఎదుటివాడు 'ఔను, నేనన్నది ఇదే' అని ఒప్పుకొనేటట్లు ముందు చెప్పి, ఆ తరువాతనే దానిని ఖండించవలె. టెలివిజను చర్చలలో పాల్గొనే పెద్దలకు ఈ నియమం పెడితే కార్యక్రమాలు కొంచెం నిశ్శబ్దంగా సాగవచ్చునేమో గాని, వినేవారికి ఒక హేతువైనా మిగులుతుంది.

డిండిమభట్టు ఏమన్నాడో తెలియదు గనుక నేడు ఎవరూ ఆయన పక్షాన నిలబడలేరు, శ్రీనాథుని పక్షానా నిలబడలేరు. పగిలిన ఢక్కతో వాదించడానికి ఏమీ లేదు. గిడుగువారి పట్టికతో, అప్పారావుగారి పత్రంతో, రామయ్య పంతులుగారి ప్రశ్నతో మాత్రం ఈనాడు కూర్చున్న చదువరి ఏకీభవించవచ్చును, విభేదించవచ్చును. వారు హేతువులు వ్రాసి పెట్టి పోయినారు. కుందేటిని ఇంకా లెక్కపెట్టవచ్చును.